మ్యాచ్‌కి తెలుగు కామెంటరీ: సౌండ్ ఉంచుతారా, తీసేస్తారా?

గౌతమి_గట్టు (రావులపాలెం)
నిన్న రాత్రి మా ఇంట్లో జరిగింది చెబుతాను. మీ ఇళ్లలోనూ ఇలాగే ఉందేమో చెప్పండి.

మా నాన్నగారికి డెబ్బై రెండేళ్లు. గ్లకోమా వల్ల చూపు బాగా తగ్గిపోయింది. టీవీ వైపు చూస్తే ఆకుపచ్చగా ఏదో కదులుతున్నట్టు తెలుస్తుందట, అంతే. అయినా క్రికెట్ వదల్లేదు. టీవీ పక్కనే ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని, కుడి చెవి స్పీకర్ వైపు పెట్టి కూర్చుంటారు. ఆయనకు మ్యాచ్ అంటే ఇప్పుడు కామెంటరీయే.

నిన్న ఛేజింగ్, పద్దెనిమిదో ఓవర్. బౌలర్ పరిగెత్తుకొస్తున్నాడు. కామెంటరీలో ఇద్దరూ ఏదో సినిమా డైలాగు చెప్పుకుని నవ్వుకుంటున్నారు. బ్యాట్‌కి బంతి తగిలిన చప్పుడు వినిపించింది, జనం గోల పెట్టారు, వీళ్లు ఇంకో డైలాగు అందుకున్నారు. నాన్నగారు నా వైపు తిరిగి "ఎటు పోయిందిరా? ఫోరా, క్యాచా?" అన్నారు. నేను నోరు తెరిచేలోగా యాడ్. అందులో ఎవరో తలపాగా పెళ్లికొడుకు గుర్రమెక్కి వచ్చి తెలుగులో అరుస్తున్నాడు. పెదాలు ఒకటి చెబుతున్నాయి, మాట ఇంకొకటి వినిపిస్తోంది. యాడ్ అయ్యేసరికి కొత్త ఓవర్ మొదలైపోయింది. ఇంకా ఎన్ని కొట్టాలో ఎవరూ చెప్పలేదు.

విసుగొచ్చి ఫోన్ తీస్తే స్టాండప్ కామెడీ రీల్. అందులో గోదావరివాడంటే మాటకు ముందొక "ఆయ్", తర్వాతొక "ఆయ్", మధ్యలో పులస కూర. కామెంటరీ, యాడ్, రీల్, మూడూ పది నిమిషాల్లోనే వచ్చిపడ్డాయి.

మీరు తెలుగు పెట్టుకుంటున్నారా? బాగుంటే ఎందుకు బాగుంది? చూపు లేని మనిషికి ఆట వినిపించే దారి ఏదైనా ఉందా?

కాకినాడ_కాజా
ఇంగ్లీషు పెట్టేయండి. నేను ఎప్పుడో మార్చేశాను. రిమోట్‌లో భాష బటన్ ఉంటుంది.

గౌతమి_గట్టు
నాన్నగారికి ఇంగ్లీషు రాదండి. అదే కదా సమస్య.

రొయ్యలచెరువు_భీమవరం
నేను ఒప్పుకోను. తెలుగు కామెంటరీ లేకపోతే నాకు రాత్రి గడవదు. మాది ఆరెకరాల వనామి రొయ్యల చెరువు. మ్యాచ్ అయ్యాక కూడా పడుకోవడానికి ఉండదు, తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది కాబట్టి రెండింటికోసారి, నాలుగింటికోసారి లేచి చూసుకోవాలి. ఫోన్ చొక్కా జేబులో పెట్టుకుని గట్టు మీద తిరుగుతూ వింటాను. నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ల హోరులో ఆ డైలాగులు, ఆ నవ్వులే నన్ను మెలకువగా ఉంచుతాయి. ఇంగ్లీషు వాళ్లు మెల్లగా చెబుతారు, నాకు నిద్ర ముంచుకొస్తుంది.

గౌతమి_గట్టు
@రొయ్యలచెరువు, మీరూ బొమ్మ చూడకుండా వినేవాళ్లే కదండీ. మరి బంతి ఎటు పోయిందో మీకెలా తెలుస్తోంది?

రొయ్యలచెరువు_భీమవరం
నిజం చెప్పాలంటే తెలియదు. జనం గోలను బట్టి ఊహించుకుంటాను. అనుమానం వస్తే ఫోన్ బయటికి తీస్తాను. మీ నాన్నగారికి ఆ వీలు లేదు కదా, అది నాకు తట్టలేదు.

పాలకొల్లు_పద్మ
తెలుగు కామెంటరీని మరీ తీసిపారేయకండి. 2018 డిసెంబరులో స్టార్ స్పోర్ట్స్ తెలుగు ఛానెల్ వచ్చేదాకా మా ఇంట్లో క్రికెట్ అంటే మగవాళ్ల వ్యవహారం. వాళ్లు చూస్తుంటే మేము వంటింట్లో ఉండేవాళ్లం. తెలుగులో వినడం మొదలుపెట్టాకే ఎల్బీడబ్ల్యూ అంటే ఏమిటో, ఫ్రీ హిట్ ఎందుకిస్తారో మా అత్తయ్యగారికి, నాకు అర్థమైంది. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు.

2025 నవంబరు 2న అమ్మాయిల వరల్డ్ కప్ ఫైనల్ గుర్తుందా? వాన వల్ల ఆలస్యంగా మొదలై అర్ధరాత్రి దాకా సాగింది. మా వీధిలో ఆడవాళ్లం పద్నాలుగు మంది మా హాల్లోనే ఉన్నాం. దక్షిణాఫ్రికా మీద 52 పరుగుల తేడాతో గెలిచారు. కడపమ్మాయి శ్రీచరణి బౌలింగ్‌కి వచ్చినప్పుడల్లా అత్తయ్యగారు "మన పిల్ల, మన పిల్ల" అని చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. అంతా తెలుగులోనే విన్నాం. ఆ రాత్రి ఇంగ్లీషులో విని ఉంటే ఇంతగా గుర్తుండేది కాదు.

తణుకు_బుజ్జి
పద్మక్కా, పద్నాలుగు మందికీ టీలు ఎవరు పెట్టారు?

పాలకొల్లు_పద్మ
మా ఆయన. రెండుసార్లు పెట్టారు, రెండోసారి అల్లం కూడా వేశారు.

రేడియో_మాస్టారు (ఆలమూరు)
గౌతమి గారూ, మీ నాన్నగారి బాధ నాకు బాగా తెలుసు. నేను రేడియోతో పెరిగినవాణ్ని.

డెబ్బైలలో, ఎనభైలలో టెస్టు మ్యాచ్ అంటే ఆకాశవాణి. కాసేపు ఇంగ్లీషు, కాసేపు హిందీ. మా అరుగు మీద ఇరవై మంది చేరేవారు. నాకు ఇంగ్లీషు వచ్చు కాబట్టి తెలుగు చేసి చెప్పే పని నాది. ఆ కామెంటేటర్లకు ఒక పద్ధతి ఉండేది. బౌలర్ ఏ వైపు నుంచి వస్తున్నాడు, ఫీల్డర్లు ఎక్కడున్నారు, బంతి ఎక్కడ పడింది, బ్యాట్స్‌మన్ ముందుకొచ్చాడా వెనక్కెళ్లాడా, బంతి ఎటు పోయింది, ఎవరు ఆపారు, ఎన్ని పరుగులు, మొత్తం స్కోరెంత. ప్రతి బంతికీ ఇదే వరస. మేము కళ్లు మూసుకున్నా గ్రౌండంతా కనిపించేది. టీవీ కామెంటేటరు ఎలాగూ మీరు చూస్తున్నారు కదా అనుకుని ఇవన్నీ వదిలేస్తాడు. తెలుగైనా, ఇంగ్లీషైనా అంతే. కాజా గారు చెప్పినట్టు ఇంగ్లీషు పెట్టినా, ఆ భాష వచ్చినా, మీ నాన్నగారికి బంతి కనిపించదు.

1983 వరల్డ్ కప్‌లో జింబాబ్వే మీద కపిల్ దేవ్ 175 నాటౌట్ ఉంది కదా. 17 పరుగులకు 5 వికెట్లు పడ్డాక ఆడిన ఇన్నింగ్స్. ఆ మ్యాచ్‌కి వీడియో లేదు. గ్రౌండ్‌లో ఉన్నవాళ్లు చెప్పిన మాటలు, పేపర్లో రాసిన మాటలే మనకు మిగిలాయి. అయినా మా తరానికి అది కళ్లకు కట్టినట్టే ఉంటుంది.

కాకినాడ_కాజా
మాస్టారూ, ఇది ఒప్పుకుంటాను. నేను భాష మార్చమన్నానే గానీ ఆయన చూపు సంగతి ఆలోచించలేదు. గౌతమి గారూ, ఏమీ అనుకోకండి.

కేబుల్_బాబాయ్_రాజోలు
నేను ఇరవై ఆరేళ్లుగా కేబుల్ వ్యాపారంలో ఉన్నాను. యాడ్ల గురించి నాకు తెలిసింది చెబుతాను.

యాడ్ రాగానే సౌండ్ పెరిగిందని నాకు రోజుకో ఫోన్ వస్తుంది. మేమేమీ పెంచం. సౌండ్‌కి పైన ఒక హద్దు ఉంటుంది. మ్యాచ్‌లో ఆ హద్దు దాకా ఎప్పుడో సిక్స్ కొట్టినప్పుడు వెళుతుంది, మిగతా సమయమంతా కిందే ఉంటుంది. యాడ్ తీసేవాళ్లు గుసగుసను కూడా లేపి ఆ హద్దుకు ఆనిస్తారు. హద్దు దాటలేదు, కానీ ముప్పై సెకన్లూ అరుపే. చాలా టీవీల్లో సౌండ్ సెట్టింగ్స్‌లోకి వెళితే "ఆటో వాల్యూమ్" అని ఉంటుంది. అది ఆన్ చేయండి, సగం బాధ తగ్గుతుంది. కొంచెం పెద్దవాళ్లున్న ఇళ్లకు వెళితే నేనే చేసి వస్తున్నాను.

ఇక యాడ్లు ఎందుకిన్ని అంటే, 2023 నుంచి 2027 దాకా ఐదేళ్ల ఐపీఎల్ ప్రసార హక్కులకు బోర్డుకు వచ్చింది 48,390 కోట్లు. కట్టినవాళ్లు ఎక్కడి నుంచి రాబట్టుకోవాలి? ఓవర్‌కీ ఓవర్‌కీ మధ్య యాడ్, వికెట్ పడితే యాడ్. మ్యాచ్‌కి నాలుగు టైమ్ అవుట్లు, ఒక్కోటి రెండున్నర నిమిషాలు. కేబుల్ టీవీ రూల్స్‌లో గంటకు 12 నిమిషాలకు మించి యాడ్లు వేయకూడదని 2006 నుంచీ రాసుంది. గడియారం పట్టుకుని మీరే లెక్కేసుకోండి.

తణుకు_బుజ్జి
బాబాయ్, ఆటో వాల్యూమ్ మా టీవీలో దొరికింది. మా నాన్నమ్మ మిమ్మల్ని దీవిస్తోంది.

పాలకొల్లు_పద్మ
సౌండ్ సంగతి సరే, ఆ డబ్బింగ్ సంగతి ఎవరూ ఎత్తరేం? నాకు ఒళ్లు మండేది దానికే. అమ్మ పిల్లాడి క్యారేజీలో పరాటాలు పెడుతుంది. కోడలు తల మీద కొంగు కప్పుకుని అత్తగారి ముందు నిలబడుతుంది. కర్వాచౌత్‌కి జల్లెడలోంచి చంద్రుణ్ని చూస్తుంది. పైన మాత్రం తెలుగు. ఆ తెలుగు కూడా ఎవరూ మాట్లాడనిది. "నా చర్మం ఇప్పుడు అనుభూతి చెందుతోంది మృదువుగా" అని ఏ ఇంట్లో అంటారండీ? పెదాల కదలికకు సరిపెట్టాలని క్రియాపదాన్ని పట్టుకొచ్చి మధ్యలో పడేస్తారు. మా పాప నాలుగో తరగతి. మొన్న అచ్చం అలాగే మాట్లాడింది, "అమ్మా, నేను తిన్నాను ఇడ్లీ చాలా రుచిగా" అని. నవ్వొచ్చింది గానీ, ఆ రాత్రి దాని పక్కన పడుకుని మా అమ్మ చెప్పిన కథలు మొదలుపెట్టాను.

లంక_శ్రీను
అక్కా, 2009 ఐపీఎల్‌లో వొడాఫోన్ జూజూలు గుర్తున్నాయా? తెల్లటి గుడ్డు తలకాయలు. అవి గ్రాఫిక్స్ కాదు, లోపల మనుషులే ఉన్నారు. దక్షిణాఫ్రికాలో తీశారు. ఒక్క ముక్క మాట ఉండదు, కిచకిచలే. అందుకే లంకలో మా తాతకు కూడా అర్థమయ్యేవి. ఆ ఏడాది యాడ్ వస్తే ఎవరూ లేచేవారు కాదు.

పాలకొల్లు_పద్మ
అవును! డబ్బింగ్ అక్కర్లేనివే మనకు బాగా దగ్గరయ్యాయి. క్యాడ్‌బరీ యాడ్ కూడా అంతే. 1994లో బ్యాట్స్‌మన్ సిక్స్ కొడితే అమ్మాయి గ్రౌండ్‌లోకి డాన్స్ చేస్తూ పరిగెత్తేది. 2021లో అదే యాడ్‌ని తిప్పి తీశారు. అమ్మాయి కొడుతుంది, అబ్బాయి డాన్స్ చేస్తాడు. మాట అక్కర్లేదు, ఆ పిల్ల మొహం చాలు. రెండూ తీసిన ఓగిల్వీ కంపెనీలో పెద్దాయన పీయూష్ పాండే 2025 అక్టోబరులో పోయారు. ఆయన తీయించినవి చూస్తే హిందీ ఊళ్ల మనుషులు మాట్లాడుకున్నట్టే ఉంటాయి. మన ఊళ్ల మనుషుల్ని అలా చూసి రాసేవాళ్లు తెలుగులోనూ ఉంటారు కదా, వాళ్లకు ఆ పని ఎందుకివ్వరు?

కేబుల్_బాబాయ్_రాజోలు
మా లోకల్ ఛానెల్‌లో వచ్చే యాడ్లు చూడమ్మా. రొయ్యల మేత, బట్టల షాపు, కొబ్బరి వలుపు మిషను. వెలుగు సరిగా ఉండదు, షాపు ఓనరే నిలబడి చెబుతాడు. కానీ అది మన మాటే. మా ఊళ్లో మంచాల షాపాయన మంచం మీద ఆరుగురు మనవల్ని ఎక్కించి దూకించాడు. "ఇరగలేదు, చూశారుగా" అన్నాడు, అంతే యాడ్. ఆ సంక్రాంతికి మంచాలన్నీ అమ్ముడైపోయాయి.

రొయ్యలచెరువు_భీమవరం
యాడ్ల గురించే ఇంకో మాట, ఇది నవ్వులాట కాదు. మా చెరువు మీద పనిచేసే కుర్రాడు ఫోన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆట పట్టాడు. మ్యాచ్ మధ్యలో పెద్ద పెద్ద క్రికెటర్లు వచ్చి ఆడమని చెబుతుంటే ఆడడా? చివర్లో "ఇది వ్యసనం కావచ్చు" అన్న హెచ్చరిక మాత్రం ఊపిరి తీసుకోకుండా గొణిగేసేవారు. మన రాష్ట్రంలో 2020లోనే ఆ ఆటల్ని నిషేధించారు, అయినా దేశమంతా చూసే మ్యాచ్ కాబట్టి యాడ్ ఇక్కడికీ వచ్చేది. ఏడాది జీతం పోయింది. వాళ్లమ్మ చెవి దిద్దులు నా దగ్గర పెట్టి డబ్బు అడిగింది. దిద్దులు తీసుకోలేదు, డబ్బిచ్చాను. ఆ రాత్రి నాకు తిండి సహించలేదు.

2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసి అలాంటి ఆటల్నీ, వాటి యాడ్లనీ ఆపింది. ఆ పని పదేళ్ల ముందే చేసి ఉండాల్సింది.

తణుకు_బుజ్జి
ఇప్పుడెలా ఉన్నాడన్నా ఆ కుర్రాడు?

రొయ్యలచెరువు_భీమవరం
బాగానే ఉన్నాడు. బటన్ల ఫోన్ కొనుక్కున్నాడు. మ్యాచ్ నా జేబులో ఫోన్‌లోనే వింటాడు, నా వెనకే నడుస్తూ.

అమలాపురం_షటిల్
స్పోర్ట్స్ కవరేజ్ అని మొదలుపెట్టి అందరూ క్రికెట్ దగ్గరే ఆగిపోయారు. మా సాత్విక్ సంగతేంటి? బ్యాడ్మింటన్ ఆడే సాత్విక్‌సాయిరాజ్ రంకిరెడ్డి, మా అమలాపురం. 2023లో కొట్టిన స్మాష్ గంటకు 565 కిలోమీటర్లు, గిన్నిస్ రికార్డు. అదే ఏడాది డబుల్స్‌లో చిరాగ్ శెట్టితో కలిసి ప్రపంచ నంబర్ వన్.

2022 మే 15, థామస్ కప్ ఫైనల్, బ్యాంకాక్. బ్యాడ్మింటన్‌లో మగవాళ్ల జట్లకు అది వరల్డ్ కప్ లాంటిది. ఎదురుగా పద్నాలుగుసార్లు కప్పు కొట్టిన ఇండోనేషియా. డబుల్స్‌లో సాత్విక్, చిరాగ్ మొదటి గేమ్ పోగొట్టుకుని 18-21, 23-21, 21-19తో గెలిచారు. ఇండియా 3-0తో మొదటిసారి కప్పు తెచ్చింది. ఆ మ్యాచ్ నేను ఎలా చూశానో తెలుసా? మేము రోజూ ఆడే ఇండోర్ కోర్టులో, నెట్ స్తంభానికి ఫోన్ కట్టి, పదకొండు మందిమి నేల మీద బాసింపట్టు వేసుకుని చూశాం. సిగ్నల్ పోయినప్పుడల్లా ఒకడు గోడెక్కేవాడు. ఇంటికొచ్చి తెలుగు వార్తలు పెడితే ఐపీఎల్‌లో ఎవరు ప్లేఆఫ్‌కి వెళతారన్న చర్చ నడుస్తోంది. కప్పు గెలిచిన వార్త కింద స్క్రోలింగ్‌లో పోయింది. నాకు ఏడుపొచ్చింది.

కాకినాడ_కాజా
జనం ఏది చూస్తే అదే వేస్తారు షటిల్ గారూ. బ్యాడ్మింటన్ వేస్తే చూసేవాళ్లెంతమంది?

అమలాపురం_షటిల్
వేస్తే కదా తెలిసేది! 2016లో సింధు రియో ఫైనల్ రోజు టీవీ ముందు లేని ఇల్లు ఉందా మన దగ్గర? ఆ రోజు జనం ఎక్కడి నుంచి వచ్చారు? చూపించారు, చూశారు. డబుల్స్‌లో సర్వీస్ ఎవరిది, ఎందుకు అంత కింద నుంచి కొడతారు, నెట్ దగ్గర ఉన్నవాడి పనేంటి, ఇవన్నీ తెలుగులో ఎవరైనా ఓపిగ్గా చెబితే అందరూ చూస్తారు. పద్మ గారి అత్తయ్యగారు ఎల్బీడబ్ల్యూ నేర్చుకోలేదా?

పాలకొల్లు_పద్మ
ఆ మాట అత్తయ్యగారికి చదివి వినిపించాను. "షటిల్ కూడా పెట్టమను, చూస్తాను" అన్నారు.

లంక_శ్రీను
కబడ్డీకీ ఇదే గతి. 2023 అక్టోబరు 7, ఏషియన్ గేమ్స్ ఫైనల్, ఇండియా-ఇరాన్, 28-28. పవన్ సెహ్రావత్ డూ ఆర్ డై రైడ్‌కి, అంటే పాయింటు తేకపోతే అవుటయ్యే రైడ్‌కి వెళ్లి, ఎవర్నీ తాకకుండానే లాబీలోకి, అంటే ఒకర్నొకరు తాకాకే అడుగుపెట్టాల్సిన పక్క పట్టీలోకి వెళ్లాడు, వెనకాలే ఇరాన్ వాళ్లూ వెళ్లారు. పాయింట్లు ఎవరికి? పాత రూలా, కొత్త రూలా? దగ్గర దగ్గర గంట ఆట ఆగిపోయింది. నేను విన్న కామెంటరీలో ఆ గంటా "ఉత్కంఠ, ఉత్కంఠ" అన్నారే గానీ లాబీ అంటే ఏమిటో ఒక్కరూ చెప్పలేదు. చివరికి 33-29తో గెలిచాం.

మా లంకలో సంక్రాంతి కబడ్డీకి మైకు పట్టుకునే పెద్దాయన ఒకరున్నారు. పాలేరుగా చేశారు, చదువు లేదు. రైడర్ గీత దాటగానే "పోతున్నాడు, పోతున్నాడు, ఎడమ మూలనున్నోడు కాలి మీద కన్నేశాడు, చూసుకోరా అబ్బాయ్" అంటారు. గట్టు అవతల అరటితోటలో ఉన్నవాడికి కూడా ఆట తెలిసిపోతుంది. గౌతమి గారి నాన్నగారి లాంటి వాళ్లకు కావాల్సింది అదే.

గౌతమి_గట్టు
శ్రీను గారూ, ఆ మాట నాన్నగారికి చదివి వినిపించాను. రెండుసార్లు చదివించుకున్నారు.

ఓపెన్_మైక్_గన్నవరం (పి.గన్నవరం, ఇప్పుడు హైదరాబాద్)
స్టాండప్ సంగతి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను చెబుతాను. నేను వారానికి ఒకటి రెండుసార్లు ఓపెన్ మైక్ చేస్తాను. ఐదు నిమిషాలిస్తారు. నాలుగో నిమిషంలో వెనక నుంచి లైటు చూపిస్తారు, ఐదులో దిగాలి. స్టేజీ ఎక్కాక మొదటి ముప్పై సెకన్లలో నవ్వు రాకపోతే గొంతెండిపోతుంది, అంత టెన్షన్.

మొదట్లో నడిపించేవాళ్లు ఒకరు "నువ్వు గోదావరివాడివి కదా, ఆయ్ పెట్టు, అదే వర్కవుట్ అవుతుంది" అన్నారు. పెట్టాను. నవ్వారు. వీడియో మా అమ్మమ్మ చూసింది. నవ్వలేదు. "మనం ఇట్టా మాట్లాడతామా నాన్నా?" అని ఒక్క మాట అడిగింది. ఆ వారమంతా నాకు మనసు మనసులో లేదు.

తర్వాత అది తీసేసి, చిన్నప్పుడు నర్సాపురం రేవులో గోదారి దాటించే పంటు మీద విన్నది చెప్పాను. ఒకాయన సూట్‌కేస్ పట్టుకుని ప్రతి నిమిషానికీ "ఇంకెంతసేపయ్యా?" అంటున్నాడు. పంటు నడిపే తాత తెడ్డు మీద నుంచి చూపు తిప్పకుండానే "గోదారిని కాస్త సన్నబడమని అడిగాను బాబూ, ఇంకా ఒప్పుకోలేదండి" అన్నాడు. ఇందులో యాస లేదు, ఆయ్ లేదు. హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన పిల్లలు కూడా పడిపడి నవ్వారు. ఇప్పుడు నా ఐదు నిమిషాలూ అవే.

తణుకు_బుజ్జి
నేను మాత్రం నిజంగానే ఆయ్ అంటాను. ఎవరైనా వెక్కిరిస్తే ఇంకోసారి అంటాను. అందులో తప్పేముంది? ఎదుటి మనిషి మాటకు మర్యాదగా పలకడమే కదా.

ఓపెన్_మైక్_గన్నవరం
తప్పని ఎవరన్నారు బుజ్జీ. మా అమ్మమ్మా అంటుంది, పిలిస్తే పలికేటప్పుడు. పులస తినే బొమ్మకి తగిలించి మాటకు రెండుసార్లు అనిపిస్తేనే నా బాధ.

కేబుల్_బాబాయ్_రాజోలు
అబ్బాయ్, నీ పంటు కథ బాగుంది. కానీ స్టాండప్ అని పెడితే ఇంట్లో అందరితో కూర్చుని చూడలేకపోతున్నాను. మూడో మాటకే బూతు. మా కోడలు లేచి లోపలికి వెళ్లిపోతుంది.

ఓపెన్_మైక్_గన్నవరం
అర్థమైంది బాబాయ్. రాత్రి పదింటికి ఒక గదిలో టికెట్టు కొనుక్కుని వచ్చిన యాభై మందికి చెప్పింది, మీ హాల్లో ముక్కలుగా వినిపిస్తోంది. బూతు లేకుండా చేసేవాళ్లు చాలామందే ఉన్నారు, లింకులు పంపుతాను.

రేడియో_మాస్టారు
స్టాండప్ కొత్తదంటే నేను ఒప్పుకోను. ఒక్క మనిషి, ఒక్క మైకు, గంటలకొద్దీ జనం. వరంగల్ నేరెళ్ల వేణుమాధవ్ గారు మిమిక్రీతో చేసింది అదే. మన మాధవపట్నం తోలుబొమ్మలాటలో రాముడు, రావణుడు యుద్ధం చేస్తుంటే మధ్యలో నవ్వించే బొమ్మ కేతిగాడు దూరి ఊళ్లో కరణం మీద, మునసబు మీద కూడా జోకులు వేసేవాడు. పాలకొల్లు నుంచి అల్లు రామలింగయ్య గారు వచ్చారు. బ్రహ్మానందం గారు సినిమాల్లోకి రాకముందు అత్తిలి కాలేజీలో తెలుగు లెక్చరర్. మధ్యాహ్నం భోజనం చేసి వచ్చిన పిల్లల్ని మెలకువగా ఉంచడం ఎంత కష్టమో నాకు తెలుసు. ముప్పై మూడేళ్లు నేనూ ఆ పనే చేశాను.

గౌతమి గారు మొదట అడిగిన ప్రశ్నకు కూడా జవాబు ఇందులోనే ఉందనిపిస్తోంది. బుర్రకథ తీసుకోండి. మధ్యలో తంబురా పట్టుకుని కథకుడు, పక్కన గుమ్మెటలతో ఇద్దరు. ఒకరు రాజకీయం, ఒకరు హాస్యం. హాస్యం చెప్పేవాడు ఎన్ని చమత్కారాలు వేసినా అల్లూరి సీతారామరాజు ఎక్కడున్నాడో జనం మరిచిపోనివ్వడు. "ఆ తర్వాత ఏమైంది?" అని కథకుణ్ని మళ్లీ దారిలో పెడతాడు. కామెంటరీలో రెండోవాడి పని అదే. బంతి చేతిలో లేనప్పుడు ఎంతైనా నవ్వించు. బౌలర్ కదిలాక మాత్రం కథ చెప్పు.

రొయ్యలచెరువు_భీమవరం
మాస్టారూ, ఇక్కడ మాత్రం మీతో కలుస్తాను. నాకు డైలాగులూ కావాలి, స్కోరూ కావాలి. ఓవర్ అయ్యాక నవ్వించమనండి, మెలకువగానే ఉంటాను.

గౌతమి_గట్టు
మూడు రోజుల తర్వాత రాస్తున్నాను. బాబాయ్ చెప్పిన ఆటో వాల్యూమ్ పెట్టాను, యాడ్లకు నాన్నగారు ఉలిక్కిపడటం తగ్గింది.

ఇంకొకటి చేశాం. పక్కింట్లో ఏడో తరగతి పిల్లాడున్నాడు, క్రికెట్ పిచ్చి. మాస్టారు రాసిన వరసను ఒక కాగితం మీద రాసిచ్చాను: బౌలర్ ఎటు నుంచి, బంతి ఎక్కడ పడింది, ఎటు పోయింది, ఎవరు ఆపారు, ఎన్ని పరుగులు, ఇంకా ఎన్ని కావాలి. టీవీ సౌండ్ బాగా తగ్గించి, జనం గోల మాత్రం వినిపించేలా పెట్టి, వాడు నాన్నగారి కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాడు. మొదటి రెండు ఓవర్లు కాగితం చూసి చదివినట్టు చెప్పాడు. మూడో ఓవర్‌కి కాగితం పక్కన పడేశాడు. "తాతా, ఫుల్ టాస్, కొట్టాడు, మిడ్ వికెట్ మీదుగా... పోతోంది, పోతోంది... అక్కడొకడున్నాడు... పట్టేశాడు!" నాన్నగారు రెండు చేతులూ కుర్చీ పిడికి వేసి కొట్టారు. ఆయన ఒక బంతికి అలా అరవడం నేను రెండేళ్ల తర్వాత విన్నాను.

ఓవర్ల మధ్య యాడ్లు వచ్చినప్పుడు నాన్నగారే వాడికి తన చిన్నప్పటి కబుర్లు చెబుతున్నారు. ధవళేశ్వరం వరదలు, కాలువలో ఈత. టైమ్ అవుట్ రెండున్నర నిమిషాలు చాలడం లేదు.

ఒకటే ఇబ్బంది. పిల్లాడికి తొమ్మిదిన్నరకు నిద్రొస్తోంది. రెండో ఇన్నింగ్స్‌కి ఎవరూ లేరు. నాకు అంత వేగంగా చెప్పడం రావడం లేదు, ప్రయత్నించాను.

లంక_శ్రీను
మా మైకు పెద్దాయన్ని అడుగుతాను. క్రికెట్ రాదు గానీ రెండు రోజుల్లో పట్టేస్తారు.

రేడియో_మాస్టారు
గౌతమి గారూ, ఆలమూరు నుంచి జొన్నాడ వంతెన దాటితే మీ ఊరే. ఆదివారం మ్యాచ్ ఏడున్నరకు కదా. మొదటి ఇన్నింగ్స్ పిల్లాడు చెప్పనివ్వండి, తర్వాత నేను అందుకుంటాను. రాత్రి ఆలస్యమైతే మీ అరుగు మీదే పడుకుంటాను, దోమతెర ఉంటే చాలు.

గౌతమి_గట్టు
దోమతెర ఉంది మాస్టారూ. భోజనం కూడా ఇక్కడే. నాన్నగారు ఆదివారం ఇంకా ఎన్ని రోజులని ఇప్పటికే రెండుసార్లు అడిగారు.